ఖాళీ ప్రోగ్రాం

అంకెల వరసల్ని ఒక్క గుర్తుతో తిప్పేసే కంప్యూటర్ భాషలో మా ఆయన ఒక ప్రోగ్రాం రాస్తున్నాడు. నడిపిస్తే అది తన్ను తానే పొల్లుపోకుండా మళ్ళీ రాసుకోవాలి. కొటేషన్ గుర్తులు కుదరక రోజూ తల పట్టుకుంటున్నాడు.

“ఇంతకీ అదేం చేస్తుందండీ?” అన్నాను.

“ఏమీ చెయ్యదు. అదే దాని గొప్ప.”

నేను కొత్త ఫైలు తెరిచి, ఏమీ రాయకుండానే నడిపించాను. ఏమీ రాలేదు.

రాసినదాన్నీ వచ్చినదాన్నీ ఆయన పోల్చి చూశాడు. తెర మీద ఒకటి అంకె పడింది. రెండూ సమానమేనని అర్థం.

“నీకెలా తట్టిందే?”

“రోజూ మీ ఎదురుగా కూర్చునే కదండీ భోంచేస్తున్నాను.”

ఆయన ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

పోల్చి చూస్తే మళ్ళీ ఆ ఒకటి అంకే పడేది.