డెమో ఎకరం

"సరిగ్గా ఎంత కలిపావు?" గట్టు మీదే నిలబడి అడిగాడు శివాజీ.

"మీటింగులో నువ్వు చెప్పినంతే బావా. ట్యాంకుకి ఒక్క మూత." కోటయ్య మాడిన దుబ్బొకటి పీకి చూపించాడు. "నాలుగెకరాల వరిలో మూడు సుడిదోమ పట్టి మాడిపోయాయి. కాలవ పక్క ఎకరమే మిగిలింది. అదీ పోతే ఇంట్లో తినడానికి గింజలుండవు."

బాళగనూరు ఊళ్ళోకి నానో పురుగుమందు వచ్చింది శివాజీ పొలం మీదుగానే. పోయిన నెల కంపెనీవాళ్ళు ఒక్క సీసా ఇచ్చి, ఎకరంలో డెమో పెట్టమన్నారు. మందు కంటికి ఆనని నలుసులై ఆకులోకి ఇంకుతుందట, చాలా కొంచెం చాలట, కప్పకీ చేపకీ హాని ఉండదట. ఆ ఎకరం నిక్షేపంలా నిలిచింది. శివాజీకి శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. "ఇదొక్కటే కొట్టాను," అన్నాడతను. సొంత చెల్లెలి మొగుడే చెప్పాక కోటయ్య ఇంకెవర్ని అడుగుతాడు? పాత మందు మానేసి నాలుగెకరాలకీ అదే కొట్టాడు. కప్పలు బతికాయి, చేపపిల్లలు బతికాయి, వాటితో పాటు దోమా బతికింది.

"మందునేం అనకు బావా. నీ కొలతలోనే తేడా వచ్చుంటుంది," అన్నాడు శివాజీ ఎటో చూస్తూ.

"తప్పు నాదే. నీ దగ్గరేమన్నా మిగిలుంటే ఇవ్వు, ఈసారి నువ్వే దగ్గరుండి కలుపు. సింధనూరులో ఏ కొట్టుకెళ్ళినా లేదంటున్నారు."

"నా దగ్గరెక్కడిది? ఆ సీసా అప్పుడే అయిపోయింది," అని శివాజీ బండెక్కి వెళ్ళిపోయాడు.

కోటయ్య డెమో ఎకరం గట్టు వెంబడే చెల్లెలి ఇంటికి నడిచాడు. వెన్నులు బరువుకి వంగున్నాయి. అడుగుల చప్పుడుకి ఎగిరే కప్ప ఒక్కటీ లేదు. చూస్తుంటే ఏడుపొచ్చింది. ఒక మూత మందు కొలవడం చేతకాని చేతులు ఎందుకని తనని తనే తిట్టుకున్నాడు.

సంగతి విని దేవిక కళ్ళొత్తుకుంది.

"లేదన్నాడా? మీ బావకి మతిమరుపు అన్నయ్యా. కంపెనీవాళ్ళిచ్చిన సీసా గొడ్ల చావిట్లో మొన్న కూడా చూశాను. ఉండు, తెస్తా."

"అడుగున నాలుగు చుక్కలున్నా చాలమ్మా," అన్నాడు కోటయ్య.

ఆమె తెచ్చిచ్చిన సీసాని రెండు చేతులా అందుకుని, ఎంత మిగిలిందోనని వెలుతురుకి ఎత్తి చూశాడు.

మూతకి సీలు కూడా ఊడలేదు.