తొకునోగారి ముద్ర

నోటీసుల అట్ట ఈసారి కూడా నాలుగో రోజుకి గానీ తిరిగి రాలేదు.

ఏడో నంబరు భవనంలో మనుషులున్న ఇళ్లు పదకొండు. ప్రతి సోమవారం ఆ అట్ట ఇంటింటికీ తిరగాలి. చదివినవాళ్లు సంతకానికి బదులు తమ పేరు ముద్ర వేసి పక్కింటికి ఇవ్వాలి. ముద్రలన్నీ పడి తిరిగొస్తే, ఆ వారానికి అందరూ బతికున్నట్టు.

నివాసుల సంఘం పెద్ద ఉసామికి కావలసింది అదొక్కటే.

పోయినేడు 201లో ఒక ముసలాయన పోతే నలభై రోజులకి గానీ ఎవరికీ తెలియలేదు. పత్రికలవాళ్ల ముందు నడుం వంచి క్షమించమన్నవాడు ఉసామి. తన హయాంలో అలాంటిది ఇంకొకటి జరగకూడదు.

అతనికి యాభై తొమ్మిది. భవనంలో ఉన్న జపానువాళ్లలో అతనే కుర్రాడు. పెద్దరికం అతని నెత్తిన పడింది అందుకే. పొద్దంతా కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో నిలబడి వచ్చి, మెట్లెక్కి పది తలుపులు కొట్టే ఓపిక ఎక్కడిది? ఇంట్లో టీ పెట్టిచ్చే మనిషి కూడా లేదు.

ఆలస్యం ఎక్కడో అతనికి తెలుసు. 303. నేపాల్ నుంచి వచ్చిన దిల్లీరామ్. డబ్బా భోజనాల ఫ్యాక్టరీలో రాత్రి పని. ముద్ర కూడా లేదు, గడిలో కలంతో పేరు గీస్తాడు.

ఒకసారి అడిగితే ఏదో చెప్పాడు. పక్కన 304లో తొకునో అమ్మమ్మ తను డ్యూటీ దిగి వచ్చేసరికి నిద్రలో ఉంటుందట. ఆమె లేచేసరికి తనకి నిద్రట. తలుపు పిడికి తగిలించి పోవచ్చు కదా అన్నాడు ఉసామి. దిల్లీరామ్ నవ్వి తల గోక్కున్నాడు.

302లో ఉండే ఇవాసె ముసలమ్మది ఎదురుపడినప్పుడల్లా ఒకటే పాట.

"అబ్బాయ్, వాడికి అక్షరమ్ముక్క రాదు. అట్ట నిండా పసుపు మరకలు. వాడి పుణ్యమా అని మనం ఉన్నామో పోయామో తెలియకుండా కూర్చోవాలా?"

ఉసామి ఎవరితోనూ గొడవ పడలేదు. ఇళ్ల వరస కాగితం కొత్తది రాసి, 303 లేకుండా అట్టకి అంటించాడు. ఇక్కడ అంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ సోమవారం పొద్దున వెళ్లిన అట్ట సాయంత్రానికే తిరిగొచ్చింది. పది ముద్రలు, ఎర్రగా, వరసగా. ఉసామి చాలా రోజుల తర్వాత స్నానం తొట్టిలో కునుకు తీశాడు.

మంగళవారం సాయంత్రం దిల్లీరామ్ వచ్చాడు. చేతిలో, ఇల్లు వదిలేటప్పుడు ఇచ్చే సబ్బుల పెట్టె. కంపెనీ వేరే ఊరికి పంపుతోందని, రేపే వెళ్తున్నానని, ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టినందుకు మన్నించమని వంగి చెప్పాడు. ఎవరి దగ్గరో నేర్చుకున్నట్టు మాట పొల్లు పోకుండా చెప్పాడు.

ఉసామి పెట్టె అందుకున్నాడు. దిల్లీరామ్ కదల్లేదు.

"పెద్దగారూ, 304 అమ్మమ్మ నిన్నటి నుంచి తలుపు తీయట్లేదండి. మూడు సార్లు పిలిచాను."

"పడుకుని ఉంటుంది."

"టీవీ మోగుతూనే ఉందండి."

"చెవుడు కదా ఆవిడకి."

ఉసామి కాళ్లు లాగేస్తున్నాయి. లోపలికెళ్లి అట్ట తెచ్చి చూపించాడు.

"ఇదిగో, నిన్న వేసిన ముద్ర. తొకునో. మా దగ్గర ముద్ర పడిందంటే మనిషి ఉన్నట్టే."

దిల్లీరామ్ ఆ ముద్ర వంక చాలాసేపు చూశాడు. వేలితో తాకబోయి ఆగాడు.

"మీరు చెబితే సరేనండి."

మళ్లీ వంగి, వెళ్లిపోయాడు.

తర్వాతి సోమవారం కూడా అట్ట సాయంత్రానికల్లా వచ్చేసింది. ముద్రలన్నీ ఉన్నాయి.

గురువారం, గ్యాసు మీటరు చూసేవాడు 304 ముందు ముక్కు మూసుకుని పోలీసులకి ఫోన్ చేశాడు.

వంటగదిలో పడి తుంటి విరిగిందన్నాడు డాక్టరు. పడ్డాక రెండు మూడు రోజులు ప్రాణం ఉందన్నాడు. పోయినవారం బుధవారం దాకా ఉండొచ్చన్నాడు.

చనిపోయినావిడ మొన్న సోమవారం ముద్ర ఎలా వేసిందని పోలీసు అడిగాడు.

ఇవాసె ముసలమ్మ ఏప్రన్ జేబులోంచి చిన్న గుడ్డసంచి తీసింది. అందులో మూడు ముద్రలున్నాయి.

"మోకాళ్లు సహకరించవు అబ్బాయ్. అన్నీ వంద యెన్‌ల దుకాణంలో దొరికేవే. ఒకరివి ఒకరం ఉంచుకుంటాం, నాది 301లో ఉంది. మధ్యలో వాడున్నన్నాళ్లూ తొకునో దగ్గరికి వాడే వెళ్లేవాడు. వాణ్ణి తీసేశాక ఆవిడ పేరుదీ ఒకటి కొనుక్కొచ్చా. తొందరగా రావాలన్నది నువ్వేగా."



మళ్లీ పత్రికలవాళ్లు వచ్చారు. మళ్లీ నడుం వంచాడు.

నాలుగు రోజుల తర్వాత నగర కార్యాలయం నుంచి ఒకమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చింది. 303కి తాళం ఉంది, అతనెక్కడ అని అడిగింది. వెళ్లిపోయాడని, అతనితో ఏం పనని ఉసామి అడిగాడు.

పోయినేడు 201 ముసలాయన పోయాక, ఒంటరి వాళ్లని కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలని ప్రతి భవనానికీ నోటీసు పంపారట. ఏడో నంబరు నుంచి పేరిచ్చింది ఒక్కరేనట. నెలనెలా తప్పకుండా కాగితం రాసి పంపే మనిషి, ఈ నెల పంపలేదట.

"ఆ జాబితా అప్పట్నుంచీ మీకూ పంపుతూనే ఉన్నామండి," అంది.

ఉసామికి ఆ కవర్లు గుర్తున్నాయి. విప్పిన గుర్తు లేదు.

ఆమె ఫైలు అతని వైపు తిప్పింది. చిన్నపిల్లల అక్షరాల్లో, కలంతో గీసిన దిల్లీరామ్ పేరు. దాని కింద, ఏయే ఇళ్లవాళ్లని చూసుకోగలరన్న గడిలో, మనుషులున్న మిగతా పది ఇళ్ల నంబర్లూ, ఉసామి ఒక్కడే ఉండే 102తో సహా.