ఏడో నంబరు మనిషి

ఊరందరి తాళాలూ తీసే ఆమెకు ఆ ఉదయం తన పెట్టె తాళం మాత్రం రాలేదు.

లాయరమ్మగారి ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో రేకు పెట్టె. తాళంచెవి ఎటు తిప్పినా కదలడం లేదు. కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి.

“నీ తాళానికే నువ్వు లోకువైపోయావేమిటమ్మా?” అన్నాడు గుమాస్తా.

“నవ్వండి, నవ్వండి. మీ బీరువా తాళంచెవి పోయినప్పుడు నా దుకాణానికేగా పరుగెత్తుకొచ్చారు!”

“సరే తల్లీ, తగాదా వద్దు. నంబరెంత?”

“ఎనిమిది. పన్నెండులోగా కోర్టులో కాగితం పడాలి. లేకపోతే ఆ దుకాణమే ఉండదు.”

గోడ గడియారం పదకొండు దాటింది. లోపల ఆరో నంబరతను తన విడాకుల కథ పెళ్ళిచూపుల దగ్గర్నుంచీ చెబుతున్నాడు.

వీలునామాలు, అద్దె తగాదాలు, విడాకులు, వ్యాపార ఒప్పందాలు అన్నీ చూడబడునని బోర్డు మీద ఉంది. ఎంతసేపట్లో చూడబడునో లేదు.

పక్కన ఏడో నంబరు ముసలాయన. వంగిన నడుము, మందపాటి కళ్ళద్దాలు, చంకలో ఒక కవరు.

“ఇటివ్వమ్మా ఒకసారి” అన్నాడాయన.

గుమాస్తా చెవి మీది పెన్సిల్ అడిగి తీసుకున్నాడు. మొన గీకి, ఆ నల్లపొడిని బొటనవేలితో తాళంచెవి పళ్ళకు పట్టించాడు. మెల్లగా తిప్పాడు.

టక్కుమంది.

“మా ఆయనా పెన్సిలే వాడేవాడు” అంది ఆమె. “నూనె పోస్తే దుమ్ము పడుతుందనేవాడు. పోయి మూడు నెలలైంది. మీకెవరు నేర్పారు?”

“మా నాన్న.” పెన్సిల్ గుమాస్తాకు తిరిగిచ్చేసి అడిగాడు. “చివర్లో మీ ఆయన బాధపడ్డాడా?”

“రెండు రోజులు. మూడో రోజు నిద్రలోనే పోయాడు. బాధంతా నాకు మిగిల్చాడు. దుకాణమేమో మా మామగారు పెద్దకొడుకు పేర రాసిపోయారు. ఆ మహానుభావుడు ఎప్పుడో అలిగి ఊరొదిలాడు. మా పెళ్ళికి లేడు. తమ్ముడి చావుకు రాలేదు. ఇప్పుడు దిగబడుతున్నాడు, ఇవాళే!”

“కబురు ఆలస్యంగా అందిందేమో.”

“దుకాణం సంగతి మాత్రం బాగా గుర్తుంది! ఇదిగో, చూడండి.”

ముసలాయన పోస్టుకార్డును దూరంగా పట్టుకుని చదివాడు.

‘శుక్రవారం వస్తున్నాను. దుకాణం సంగతి తేల్చేస్తాను. కాగితాలు సిద్ధంగా ఉంచు.’

కింద పేరు. అడ్రసు కూడా లేదు.

“ఉత్తరం రాయడం చేతకానివాడిలా ఉన్నాడు” అన్నాడు నెమ్మదిగా. “మంచికే వస్తున్నాడేమో తల్లీ.”

“మంచికొచ్చేవాడు ‘ఎలా ఉన్నావమ్మా’ అని ఒక్క ముక్క రాయడూ? ఆరడుగుల మనిషట. అరిస్తే వీధిలో తలుపులు మూసుకునేవారట. ఇద్దరు పిల్లల్నేసుకుని నేనెక్కడికి పోను?”

ముసలాయన పోస్టుకార్డు తిరిగిచ్చేశాడు.

“ఏడో నంబరు!” గుమాస్తా పిలిచాడు.

ముసలాయన లేచి నిలబడ్డాడు. గడియారం చూశాడు. ఆమె ఒళ్ళోని కాగితాలు చూశాడు.

“ముందు ఈ అమ్మాయిని పంపించు బాబూ. నాకు సాయంత్రం బస్సు దాకా వేరే పనేం లేదు.”

ఆమె దణ్ణం పెట్టి లోపలికి పరుగెత్తింది.

లాయరమ్మ పోస్టుకార్డు రెండుసార్లు చదివింది. “ఇందులో గెంటేస్తానని ఎక్కడా లేదే!”

“అర్థం అదేనండీ. గెంటేస్తానని బెదిరించాడనే రాయండి.”

“ప్రమాణం చేసేది మీరు. ఆలోచించుకోండి.”

“ఆలోచించడానికి టైమెక్కడుందండీ? ఎక్కడ పెట్టాలి సంతకం?”

పన్నెండుకు అయిదు నిమిషాలుండగా కాగితం కోర్టులో పడింది. మూడింటికి ఆర్డరు చేతికొచ్చింది. మళ్ళీ కోర్టు చెప్పేదాకా ఆ బావగారు దుకాణం గడప తొక్కకూడదు.

“వచ్చీ రాగానే కాపీ చేతికివ్వండి” అంది లాయరమ్మ. “పక్క షాపాయన్ని సాక్షిగా పిలవండి.”

ఆమె దుకాణంలో మామగారి పాత పీట మీద కూర్చుంది. ఒక పక్క ఆర్డరు, ఒక పక్క సుత్తి.

గుమ్మంలో నీడ పడితే చాలు, చెయ్యి సుత్తి మీదికి పోతోంది. స్కూటరు తాళంచెవి పోగొట్టుకున్న పంతులుగారొచ్చారు. సూట్‌కేసు తెరుచుకోని పెళ్ళికొడుకొచ్చాడు. ఆరడుగుల మనిషి మాత్రం రాలేదు.

ఆరింటికి గుమాస్తా వచ్చాడు.

“చూశారా, జడిసి పారిపోయాడు!” అంది ఆమె. పొద్దుట్నుంచీ ఆమె నవ్వడం అదే మొదటిసారి.

గుమాస్తా నవ్వలేదు. “నీకు తన నంబరిచ్చాడే పెద్దాయన, ఈ కవరు నీకిమ్మన్నాడమ్మా.”

“ఆయన పనయిందా?”

“లేదు. పంపించేశాం.”

“అయ్యో! నావల్ల ఆలస్యమైందా?”

“ఆలస్యం కాదు. పేరు చెప్పాడు. పేరు విన్నాక ఇంకేమీ వినకూడదు. ఒకరి తరఫున కేసు పట్టుకున్నాక రెండోవాళ్ళ మాట మా ఆఫీసులో చెవిన పడకూడదు, అది రూలు. ‘నేను తగాదాకి రాలేదు బాబూ’ అంటూనే ఉన్నాడు. నేనే నోరు తెరవనివ్వలేదు.”

ఆమె లేచి చెప్పులేసుకుంది.

“ఏ బస్సెక్కాడు?”

“అడగలేదు. అడగకూడదు కదమ్మా.”

కవరులో గీతల కాగితం. లాయరుకు చూపించడానికి రాసుకున్న చిత్తు. సంతకం చోటు ఖాళీగా ఉంది. అంచున పెన్సిల్ పొడి అంటిన బొటనవేలి గుర్తు.

పైన, పోస్టుకార్డు మీది అదే వంకరటింకర రాతలో ఇలా ఉంది: ‘మా తమ్ముడు నిలబెట్టిన ఈ దుకాణాన్ని నా మరదలికి పూర్తిగా ఇచ్చేస్తున్నాను, షరతులేమీ లేవు, ఆమె ఒప్పుకుంటే ఒక్కసారి లోపలికెళ్ళి మా నాన్న పీట మీద కాసేపు కూర్చుని వస్తాను.’