ఓబులమ్మ చేయి

“నువ్వొద్దులే తల్లీ, నవీద్ డాక్టరును పిలువు” అంటూ ఓబులమ్మ చేయి వెనక్కి లాక్కుంది.

సూది పట్టుకున్న డాక్టర్ హర్షిణికి ఒళ్లు మండింది. కర్నూలు ఆసుపత్రిలో రక్తం జబ్బుల వార్డు మొత్తానికీ ఒక్క పోటుతో నరం పట్టే చేయి తనది. నవీద్ నిన్న గాక మొన్న చేరినవాడు. అయినా పత్తికొండ నుంచి నెలనెలా రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే ఈ అవ్వకు అతనే కావాలి.

నవీద్ వచ్చాడు. మొదటి పోటు తప్పింది. రెండోదానికి నరం దొరికేసరికి అతని నుదుటి నిండా చెమట.

“బాగా చేసినావు నాయనా” అంది ఓబులమ్మ.

అతను అటు వెళ్లగానే హర్షిణి ఉండబట్టలేక అడిగేసింది. “అవ్వా, ఆయప్ప నాకంటే ఏం ఎక్కువ?”

“ఎక్కువేం లేదు తల్లీ. ఆ పిల్లోనికి ఇంకా చేయి వణుకుతాండాది. కొత్త కోడెకు మొదట బీడు చేన్లోనే కాడి కట్టి నేర్పుతాం గానీ, పైరున్న చేన్లోకి తోలతామా? చిన్నబిడ్డలను పొడిచేలోగా నా చేతి మీద నేర్చుకోనీలే.”

హర్షిణి అవ్వ చేతి వైపు చూసింది. పోయినేడు వార్డులో చేరిన కొత్తలో తాను మొదట సూది గుచ్చింది ఈ చేతికే.

“నువ్వయితే నాలుగు పోట్లు పొడిస్తివి. అయినా మీ పెద్ద డాక్టరమ్మను వద్దని నిన్నే పిలిపిస్తాంటి” అని నవ్వింది ఓబులమ్మ. “ఆయమ్మ కూడా నీ మాదిరే మూతి ముడుచుకొని నిలబడె.”