మద్దిరంగు చీర

"ఈ చీర నాకు కావాలి" అంది చౌడేశ్వరమ్మ, మగ్గం మీంచి అప్పుడే కోసిన చీరను గుండెలకు హత్తుకుని.

గుంట మగ్గంలో కూర్చున్న వెంకటప్పయ్య చేతిలో కండె కింద పెట్టేశాడు. లోకంలో ఎవరు కట్టుకున్నా ఫరవాలేదు గానీ, ఆ చీర పెళ్ళాం చేతిలో మాత్రం పడకూడదు.

"నీకెందుకే అది? సాంబమూర్తిగారు పట్టుకెళతారు" అన్నాడు.

గవర్నర్‌పేటలో బట్టల వ్యాపారి సాంబమూర్తి. బస్సెక్కి పెడన దాకా వచ్చింది నాలుగు తెల్లచీరల కోసం. ఈ చీర కంటబడ్డాక తెల్లవాటి ఊసే మరిచిపోయాడు.

"ఇదేం రంగోయ్! అటు ఇటుకా కాదు, ఇటు చెక్కా కాదు. టెరిలిన్ మోజులో పడి నేతచీర వంక చూడని ఆడవాళ్ళు కూడా దీనికోసం కొట్టుకుంటారు. ఎక్కడ వేయించావు?"

"ఇంట్లోనేనండీ. చెట్టు బెరడు రంగు" అన్నాడు వెంకటప్పయ్య. ఆ ముక్క వరకు నిజమే.

నెల కిందట రక్తపరీక్షలో అతనికి కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలింది. ఆ పేరు నోరు తిరగడానికే మూడు రోజులు పట్టింది. రోజూ పొద్దున్నే గ్లాసెడు తెల్లమద్ది బెరడు కషాయం తాగమన్నారు వైద్యులుగారు. నెయ్యి, గారెలు, ఉప్పు తగ్గించమన్నారు. చౌడేశ్వరమ్మ అన్నీ తు.చ. తప్పకుండా అమలు చేసింది.

వెంకటప్పయ్య మొదటిరోజు ఒక్క గుక్క తాగాడు. ప్రాణం పోయినంత పనైంది. మర్నాటి నుంచి "నేసుకుంటూ తాగుతాలే" అని గ్లాసు మగ్గం దగ్గరికి తెచ్చుకునేవాడు. చీరకు అడ్డంగా నేసే పేకనూలు కండెలు తడుపుకునే మూకుడులో గుమ్మరించి, మూతి తుడుచుకుని ఖాళీ గ్లాసు తిరిగిచ్చేవాడు. ఆ విధంగా నెల్లాళ్ళు నూలు మందు తాగింది.

"పొయ్యి ముందు కూచుని నెల్లాళ్ళు కషాయం కాచానండీ అన్నయ్యగారూ! ఒక్క చీరకు నోచుకోలేదా నేను?" అని కళ్ళొత్తుకుంది చౌడేశ్వరమ్మ.

సాంబమూర్తి ఇట్టే కరిగిపోయాడు. "చెల్లెమ్మనే కట్టుకోనీవయ్యా! నాకు ఇలాంటివే ఇరవై నేసిపెట్టు."

ఇరవై చీరలంటే ఇరవై నెలల జబ్బు. వెంకటప్పయ్య పెళ్ళాం వైపు తిరిగాడు.

"సరే కానీ, దాచుకో. పండక్కి కట్టుకుందువుగాని" అన్నాడు నీరసంగా.

"ఇవాళే కడతా. రంగు నిలవాలిగా, ఉప్పునీళ్ళలో ఓసారి జాడించి ఆరేస్తా."

"జాడించకే! నీళ్ళు తగిలితే పాడైపోతుంది!"

"నేతగాడితో ముప్పై ఏళ్ళు కాపురం చేశా. నాకు చెబుతారా చీర సంగతి?" అంటూ ఆవిడ పెరట్లోకి నడిచింది.

బావిలో చేద పడ్డ చప్పుడైంది. బకెట్లో నీళ్ళు పోసిన చప్పుడైంది. చీర జాడిస్తున్న చప్పుడు రెండుసార్లు వినబడి ఆగిపోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. సాంబమూర్తి ఇరవై చీరల గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. వెంకటప్పయ్య చెవులు మాత్రం పెరట్లోనే ఉన్నాయి.

చౌడేశ్వరమ్మ వచ్చింది. ఒక చేతిలో ముదురు ఎర్రమట్టి రంగు నీళ్ళ బకెట్టు, రెండో చేతిలో రోజూ కషాయమిచ్చే గ్లాసు. నెల్లాళ్ళుగా వంటింట్లో కాగిన కషాయం వాసన గదంతా కమ్ముకుంది.

"మీరు కూచోండి అన్నయ్యగారూ. ఈయన మందు తాగే వేళయింది" అని బకెట్టు మగ్గం పక్కన పెట్టి, గ్లాసు నిండా ముంచింది.

వెంకటప్పయ్య రెండు చేతులూ జోడించాడు. "చీర జాడించిన నీళ్ళే అవి! తాగితే చస్తానే!"

"ఏం కాదు, తాగండి" అంది చౌడేశ్వరమ్మ, గ్లాసు నోటి దగ్గర పెడుతూ. "మీకు పడదని ఉప్పు కూడా వెయ్యలేదు."