ఫ్యాన్ల మెకానిక్ ఓటు

"బల్ల మీద ఆ గిన్నె ఎందుకన్నా?" గుసగుసగా అడిగింది టైలరమ్మ.

ఫ్యాన్ల మెకానిక్ మెడ సాచి చూశాడు. వేదిక మీద రెండు మైకుల మధ్య ఖాళీ స్టీలు గిన్నె ఒకటి ఉంది.

"మంచినీళ్ళకేమో."

"గ్లాసులేవీ మరి?"

"నాకేం తెలుసు తల్లీ, నేనూ నీతోనేగా వచ్చింది."

ఇద్దరూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చి, కుర్చీలు దొరక్క వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. 'ఆరింటికల్లా రా నాన్నా, మొదటినుంచీ ఉండాలి' అని కూతురు పొద్దున రెండుసార్లు చెప్పింది. తీరా షట్టరు దించే వేళకి ఎవరో కాలిపోయిన నీళ్ళ మోటారు పట్టుకొచ్చి, ఇంట్లో చుక్క నీళ్ళు లేవని మొత్తుకున్నారు. పని కనబడితే కాదనలేని మనిషి. పక్క షాపు టైలరమ్మ అతని కోసం ఆగి తనూ ఆలస్యం చేసుకుంది.

వ్యవహారం చిన్నదేం కాదు. వాళ్ళ షాపులున్న పాత మార్కెట్టు భవనాన్ని కూల్చి కొత్తది కట్టాలా, ఉన్నదాన్నే బాగుచేయాలా అన్నది మునిసిపాలిటీ ఎటూ తేల్చుకోలేక, ఇంజనీర్ల సంఘానికి అప్పజెప్పింది. పర్యావరణానికి ఏది మేలో ఇద్దరు నిపుణులు జనం ముందు వాదించాలి. విన్న జనం చేతులెత్తి తేల్చాలి. ఆ తీర్పే ఖాయమని మునిసిపాలిటీ ముందే రాసిచ్చేసింది. కూలిస్తే మెకానిక్ బతుకు రోడ్డు మీదకే. కొత్త భవనంలో గది అద్దె అతనికి అందేది కాదు, ముప్పై ఏళ్ళు రాగితీగ చుట్టిన చేతులకి వేరే పని రాదు.

మైకు ముందున్న ఇంజనీరు అతని కూతురే. వారం రోజులుగా రెండు కట్టల కాగితాలు రాసుకుంది. రెండెందుకమ్మా అంటే, 'రెండు వైపులా తెలిసుండాలి నాన్నా' అంది.

"ఆ భవనం కరెంటు తాగే భూతం," అంటోందిప్పుడు. "మా నాన్న షాపులో పట్టపగలు కూడా రెండు లైట్లు వెలగాలి. కొత్తది కడితే ఎండే వెలుతురిస్తుంది, పైకప్పు మీద పడ్డ వాన నీళ్ళే వాడుకోవచ్చు. మమకారం కోసం ఇంకో యాభై ఏళ్ళు ఇలాగే తగలేద్దామా? కూల్చాల్సిందే."

చప్పట్లు మోగాయి. ఆ రెండు లైట్ల కింద కూర్చునే ఈ పిల్ల ఎక్కాలు నేర్చుకుంది.

"మీ అమ్మాయి కూల్చమంటోందా అన్నా?"

"నాకూ అలాగే వినబడుతోంది."

రెండో మైకు ముందు బట్టతల ఆర్కిటెక్టు లేచాడు. కొత్త భవనానికి ప్లాను గీసింది ఈయనే. నెల కిందట టేపు పట్టుకుని వీళ్ళ షాపులు కొలుచుకెళ్ళిందీ ఈయనే. ఇక అయిపోయిందిరా దేవుడా అనుకున్నాడు మెకానిక్.

"నిలబడి ఉన్న గోడని మించిన పొదుపు లేదు," అన్నాడు ఆర్కిటెక్టు. "కూల్చిన ఇటుకలు పారబోయడానికి ఎన్ని లారీలు తిరగాలో మేడమ్ గారు చెబుతారా?"

"పారబొయ్యం సార్, కొత్త గోడల్లో వాడతాం."

"సిమెంటు మాత్రం ఆకాశం నుంచి రాలుతుందా?"

"కారే కప్పు కింద గొడుగు పట్టుకుని వ్యాపారం చేసుకోమంటారా?"

హాలంతా నవ్వులు. మెకానిక్‌కి తలాతోకా అర్థం కాలేదు. ప్లాను గీసినాయన ఉంచమంటున్నాడు, కడుపున పుట్టింది కూల్చమంటోంది.

"ఆయనకి మనసు మారిందేమో," అంది టైలరమ్మ.

"మరి దీనికేమైంది?"

"ఫ్యాను కాలితే పారేస్తామా, మళ్ళీ తీగ చుట్టించుకుంటామా?" ఆర్కిటెక్టు గొంతు పెంచాడు. "అదిగో, వెనక మెకానిక్ గారున్నారు. ఆయన్నే అడుగుదాం."

జనమంతా వెనక్కి తిరిగారు. తండ్రి కనబడేసరికి కూతురి మొహం విప్పారింది. ఎవరో అతని చేతిలో మైకు పెట్టారు.

"ఆయన చెబుతుంటే ఆయనది నిజమనిపిస్తోంది," అన్నాడు మెకానిక్. "అమ్మాయి చెబుతుంటే అమ్మాయిది నిజమనిపిస్తోంది. నాకు బుర్ర తిరిగిపోతోంది బాబూ."

అందరూ పగలబడి నవ్వారు. కూతురు కూడా నవ్వింది.

చివరికి సంఘం అధ్యక్షురాలు లేచింది. "మాట్లాడింది ఎవరని చూడకండి, ఏది సబబో దానికే చెయ్యెత్తండి. ముందు, ఉంచాలనే వాళ్ళు."

టైలరమ్మ చెయ్యి రివ్వున లేచింది. మెకానిక్ చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. కూతురు అతన్నే చూస్తోంది. చదువుకున్న పిల్ల, నాకు తెలియనిదేదో చూసే అంత గట్టిగా అడుగుతోంది, అనుకున్నాడు. నలుగురిలో దాన్ని నేనే ఓడించనా? చెయ్యి దించేశాడు.

"నలభై ఆరు. ఇప్పుడు కూల్చాలనే వాళ్ళు."

ఈసారి చెయ్యి నిటారుగా ఎత్తాడు. నీకేమైనా పిచ్చా అన్నా, అని టైలరమ్మ చొక్కా పట్టి లాగినా దించలేదు. వేదిక మీద కూతురు బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయింది.

"నలభై ఏడు."

గెలిచినందుకు అభినందించడానికి వచ్చినవాళ్ళని తోసుకుంటూ కూతురు పరుగున వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఎందుకెత్తావు నాన్నా?"

"నీ మాట ఎలా కాదంటానమ్మా? షాపుదేముంది, పోతే పోయింది."

"మొదటినుంచీ ఇక్కడే ఉన్నావుగా?"

"లేదమ్మా, మోటారొకటి వచ్చి పడింది. వచ్చేసరికి నువ్వు మాట్లాడుతున్నావు."

కూతురు పిడికిలి విప్పి, నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం అతని చేతిలో పెట్టింది. 'కూల్చాలి' అని ఉంది దానిమీద. రాత ఆమెది కాదు. అతను అయోమయంగా కూతురి వైపు చూశాడు.

"ఎవరు ఏ పక్షమో ఆ గిన్నెలోంచి చీటీలు తీశాం నాన్నా."