శంకరప్ప భార్య

"శంకరప్పను ఓడగొట్టింది ఊరోళ్లు కాదు, ఇంట్ల మనిషే" అని పక్కింటి బుగ్గమ్మ బావికాడ అన్నదట. ఓట్ల నాడు పోలింగ్ బూత్‌లోకి పోయిన శంకరప్ప భార్య, పోయిన నిమిషానికే కొంగు ముఖం మీదికి లాక్కుని బయటికొచ్చిందట. తలెత్తి ఎవరి వైపూ చూడలేదట. "సొంత మొగని డబ్బాల చీటీ ఏసిన ఆడిది మొఖమెందుకు దాస్కుంటది?" అని కూడా అన్నదట.

ఆ మాట తాండూరు బజారంతా తిరిగి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి శంకరప్ప ఇంట్లోకే వచ్చింది.

అవి దేశంలో మొట్టమొదటి ఓట్లు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా. తెర చాటున ఎవరి డబ్బాలో చీటీ వేస్తే ఓటు వారిదే. మూడు తరాలుగా ఎదురన్నది ఎరగని ఇంటి నుంచి అసెంబ్లీకి నిలబడిన శంకరప్ప, నలభై ఒక్క ఓట్లతో ఓడాడు. వికారాబాదులో లెక్కింపు చూసి నిన్ననే తిరిగొచ్చాడు. అప్పటి నుంచి అన్నం ముట్టలేదు.

వాకిట్లో ఎడ్లబండి కట్టి ఉంది. ఆమె పుట్టిల్లు ధారూరు పక్కన. ప్రమాణం చేస్తే ఎడ్లను విప్పుతారు. చేయకపోతే బండి కదులుతుంది. పోయిన మనిషి మళ్లీ ఈ గడప తొక్కేది లేదు.

శంకరప్ప అన్న భీమప్ప దేవుని గూట్లోంచి మల్లన్న బండారు తెచ్చి పళ్లెంలో పోశాడు. ఆ పసుపు ముట్టి అబద్ధమాడితే వంశం నిలవదని ఆ ఇంటి నమ్మకం. తమ్ముని భార్యతో ఎదురుగా మాట్లాడే ఆనవాయితీ లేదు కనుక, తన భార్య శాంతవ్వ వైపు తిరిగాడు.

"అడుగు నీ చెల్లెను. బండారు ముట్టి, నా పెనిమిటి డబ్బాలనే ఓటేసిన అనుమను."

శాంతవ్వ అడగలేదు. చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"గట్ల అనలేను అక్కా" అంది శంకరప్ప భార్య.

"ఇన్నవా తమ్మీ? బుగ్గమ్మది ఉత్త లొల్లి అంటివి గద!"

శంకరప్ప లేచాడు. "అంటే వేరేటోని డబ్బాల ఏసినవా?"

"గట్ల గూడ అనలేను."

"ఇది గాదు, అది గాదంటె మరేంది? ఊరూరు తిరిగి చెప్పిన. అమ్మా, అక్కా, గడప దాటుండ్రి, ఓటు మీ హక్కు అని. మస్తు మంది చప్పట్లు కొట్టిన్రు. నా ఇంట్లనే గిట్లయితె నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

"ఇంకేం అడుగుతవ్‌రా? బండి తోలుమను" అన్నాడు భీమప్ప.

ఆమె నడిచి వచ్చింది. కుడిచెయ్యి మణికట్టు దాకా పసుపులో పెట్టింది. ఎడమచెయ్యి భర్త ముందుకు చాపింది.

"బండారు సాక్షిగ చెప్తున్న. సూడుండ్రి."

శంకరప్ప చూశాడు. ఓట్లయి ఆరు రోజులైనా తన చూపుడువేలు మీది నల్లసిరా పోలేదు. అన్న వేలు మీదా అట్లనే ఉంది. ఆమె వేలు మీద మచ్చ లేదు.

"ఏ డబ్బాల ఏసినవని అందరడిగిన్రు. అసలు ఏసినవా అని ఒక్కలడగలే" అంది. "పేరు లేని ఆడోళ్లను లిస్టుల నుంచి కొట్టేసిన్రట. ఓటు లేదు పొమ్మన్నరు."

"పేరు లేకపోవుడేంది? లిస్టు రాసెటోళ్లు మనింటికి రాలేదా?"

"వచ్చిన్రు. నీ పేరేందమ్మా అంటె నేను నోరు తెరిసిన. మీరు అడ్డమొచ్చిన్రు. పెద్దింటి ఆడోళ్ల పేర్లు కాయితమెక్కయి, శంకరప్ప భార్య అని రాసుకో అన్నరు. బుగ్గమ్మకు పేరుంది, ఏసింది. మన కొట్టంల పేడదీసే రామమ్మకు పేరుంది, ఏసింది."

శంకరప్ప గొంతు తగ్గింది. "గీ మాట ఆ నాడే ఎందుకు చెప్పలే?"

"లెక్కింపు గాకముందే బజార్ల పడితె మీ ఇజ్జత్ పోతదనుకున్న. నోర్లు మూసుకోండ్రని అందరికి నేనే ఒట్టు పెట్టిన."

"అందరికా?"

శాంతవ్వ కొంగు కింది నుంచి ఎడమచెయ్యి బయటికి తీసింది. ఆ వేలు మీదా మచ్చ లేదు. భీమప్ప పళ్లెం కింద పెట్టేశాడు.

"ఎంతమంది?" అన్నాడు శంకరప్ప.

ఆమె అప్పటికే గడప దాటింది. పసుపు చెయ్యి బండి మీద ఆనించి, వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"మీరు రాయించినట్టే మనోళ్లందరు రాయించిన్రు. అరవై ఇద్దరం పోయినం. అరవై ఇద్దరం వాపసొచ్చినం."